ఫామ్‌లో గడికి పేరు ఎవరు పెట్టాలి? జావా డైనమిక్ ఫామ్‌ల పాతికేళ్ల కథ

ఈ ఎపిసోడ్ కొంచెం టెక్నికల్. కానీ కోడింగ్ రానివాళ్లు కూడా చివరిదాకా వినొచ్చు. ఎందుకంటే ఈరోజు మాట్లాడుకునేది మీరు రోజూ వాడే వస్తువు గురించే. ఫామ్. స్కాలర్‌షిప్‌కి అప్లై చేసినా, ట్రైన్ టికెట్ బుక్ చేసినా, కొన్ని గళ్లు నింపి సబ్మిట్ కొడతాం కదా, అదే. తెర మీద మీకు "మీ ఫోన్ నంబర్" అని కనిపిస్తుంది. లోపల ఆ గడికి 'ఫోన్' అని ఇంకో పేరు ఉంటుంది. సర్వర్‌కి వెళ్లేది ఈ లోపలి పేరు, దాని పక్కన మీరు కొట్టిన విలువ. ఇలా జంటలు జంటలుగా వెళ్తాయి.

ఈరోజు ప్రశ్న ఒక్కటే. ఆ పేర్ల లిస్ట్ ఎవరి చేతిలో ఉండాలి? ప్రోగ్రామ్ రాసేవాళ్ల చేతిలోనా? సర్వర్ సెట్ చేసేవాళ్ల చేతిలోనా? ఫామ్ పంపేవాళ్ల చేతిలోనా? వినడానికి చిన్న ప్రశ్నే. జావా ప్రపంచం మాత్రం 1997లో మొదలుపెట్టి 2022 దాకా దీనికి జవాబులు మారుస్తూనే వచ్చింది. ఒక్కో జవాబుకీ ఒక్కో ఖరీదు కట్టింది. ఆ కథ చెప్తాను.

మొదటి నుంచి వద్దాం. సన్ మైక్రోసిస్టమ్స్ 1997లో సర్వ్‌లెట్లు తెచ్చింది. వెబ్‌లో వచ్చే రిక్వెస్ట్‌కి జావా ప్రోగ్రామ్‌తో జవాబు చెప్పే పద్ధతి అది. అందులో ఫామ్ చదవడం చాలా సింపుల్. "ఫోన్ అనే పేరుతో ఏం వచ్చింది?" అని అడిగితే ఒక స్ట్రింగ్ ఇస్తుంది. వయసు అడిగినా స్ట్రింగే, పుట్టిన తేదీ అడిగినా స్ట్రింగే. అంకెగా మార్చుకోవడం, ఖాళీగా ఉందేమో చూసుకోవడం, అన్నీ మన పనే. ఫామ్‌లో యాభై గళ్లుంటే యాభై సార్లు అడగాలి. విసుగు పుట్టించే పని. కానీ ఒకటి గమనించండి. ఇక్కడ పేర్ల లిస్ట్ పూర్తిగా ప్రోగ్రామర్ చేతిలో ఉంది. ఆయన అడగని పేరు ఎవరు పంపినా, అది వచ్చిన దారినే పోతుంది.

అదే ఏడాది జేడీకే 1.1తో జావాబీన్స్ అనే పద్ధతి కూడా వచ్చింది. ఒక ఆబ్జెక్ట్‌లో 'గెట్‌ఫోన్', 'సెట్‌ఫోన్' అని రెండు మెథడ్లు రాస్తే, ఆ ఆబ్జెక్ట్‌కి 'ఫోన్' అనే ప్రాపర్టీ ఉన్నట్టు లెక్క. దీనికి తోడుగా రిఫ్లెక్షన్ వచ్చింది. అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగానే ఒక ఆబ్జెక్ట్‌ని పట్టుకుని "నీలో ఏమేం ప్రాపర్టీలున్నాయి?" అని అడగొచ్చు. అసలు దీన్ని మౌస్‌తో బటన్లు లాగి స్క్రీన్లు తయారుచేసే టూల్స్ కోసం కనిపెట్టారు. ఫామ్‌ల కోసం కాదు.

కానీ వెబ్ వాళ్లు ఊరుకుంటారా? 1999లో జేఎస్‌పీ వచ్చింది. అందులో ఒక ట్యాగ్ ఉంది, దాంట్లో ప్రాపర్టీ పేరు రాయాల్సిన చోట ఒక చుక్కగుర్తు, అదే స్టార్, పెట్టొచ్చు. స్టార్ పెడితే అర్థం ఏంటంటే: ఫామ్ నుంచి ఏ పేర్లు వచ్చినా సరే, ఈ ఆబ్జెక్ట్‌లో అదే పేరున్న ప్రాపర్టీ ఉంటే, దాంట్లో ఆ విలువ వేసెయ్. యాభై లైన్లు ఒక్క స్టార్‌లోకి కుదించుకుపోయాయి. అందరికీ హాయి. ఆ హాయిలో ఒక మార్పు ఎవరికీ పెద్దగా కనిపించలేదు. అప్పటిదాకా ప్రోగ్రామ్ అడిగేది, ఫామ్ చెప్పేది. ఇప్పుడు ఫామ్ పేరు చెప్తే, ప్రోగ్రామ్ తలుపు తీస్తోంది.

ఇంకో చిన్న విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను, చివర్లో పనికొస్తుంది. జావాలో ప్రతి ఆబ్జెక్ట్‌కీ పుట్టుకతోనే 'గెట్‌క్లాస్' అనే మెథడ్ ఉంటుంది. నువ్వు ఏ రకం వస్తువువి అని చెప్పే మెథడ్. ఎవరూ రాయక్కర్లేదు, ఉంటుంది అంతే. జావాబీన్స్ రూల్ ప్రకారం చూస్తే 'గెట్'తో మొదలయ్యింది కాబట్టి 'క్లాస్' అనేది కూడా ఒక ప్రాపర్టీయే. దీన్ని పక్కన పెట్టుకోండి.

2000 మే నెలలో క్రెయిగ్ మెక్‌క్లానహన్ స్ట్రట్స్ మొదలుపెట్టారు. అపాచీ వాళ్ల గొడుగు కింద 2001 జూన్‌లో స్ట్రట్స్ 1.0 రిలీజ్ అయ్యింది. మీ ఇంట్లో మీకంటే పదీ పదిహేనేళ్లు పెద్దవాళ్లు, అప్పట్లో అమీర్‌పేటలో జావా కోర్స్ చేసినవాళ్లు ఎవరైనా ఉంటే అడిగి చూడండి. స్ట్రట్స్, స్ప్రింగ్, హైబర్నేట్ అని మూడు పేర్లూ ఒకే ఊపిరిలో చెప్తారు. ఆ మూడింట్లో మొదటిది ఇదే.

స్ట్రట్స్‌లో రూల్ ఏంటంటే, ప్రతి ఫామ్‌కీ ఒక యాక్షన్‌ఫామ్ క్లాస్ రాయాలి. బయటి నుంచి వచ్చిన డేటా ముందు అందులో ఆగాలి, చెక్ అవ్వాలి, ఆ తర్వాతే అసలు ప్రోగ్రామ్‌లోకి వెళ్లాలి. గేటు దగ్గర వాచ్‌మన్ లాగా అన్నమాట. ఇందులో ఒక మంచి ఆలోచన కూడా ఉంది. యాక్షన్‌ఫామ్‌లో వయసుని కూడా స్ట్రింగ్‌గానే పెట్టుకోమనేవారు. ఎందుకు? ఎవరైనా వయసు దగ్గర "ఇరవై" అని అక్షరాల్లో కొట్టారనుకోండి. అంకెల ప్రాపర్టీలో అది పట్టదు. అప్పుడు తప్పు చూపిస్తూ ఫామ్‌ని మళ్లీ వేస్తే, ఆ మనిషి కొట్టింది మాయమైపోయి సున్నా కనిపిస్తుంది. స్ట్రింగ్ అయితే వాళ్లు కొట్టింది కొట్టినట్టే వెనక్కి చూపించొచ్చు. వాడేవాళ్ల మీద గౌరవంతో పుట్టిన రూల్ అది.

బాగానే ఉంది. కానీ పెద్ద ప్రాజెక్ట్‌లో రెండొందల ఫామ్‌లు ఉంటే? రెండొందల క్లాసులు. లోపల ఏముంటుంది? గెటర్, సెటర్, గెటర్, సెటర్. ఒక గడి కలపాలంటే క్లాస్ మార్చాలి, కంపైల్ చెయ్యాలి, మళ్లీ డిప్లాయ్ చెయ్యాలి. ఈ గోల పడలేక 2003 జూన్‌లో వచ్చిన స్ట్రట్స్ 1.1లో కొత్త జవాబు ఇచ్చారు: డైనా యాక్షన్‌ఫామ్. క్లాస్ రాయక్కర్లేదు. స్ట్రట్స్ కాన్ఫిగ్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో "ఈ ఫామ్‌కి పేరు, ఫోన్, ఊరు అనే మూడు ప్రాపర్టీలున్నాయి, వాటి టైప్ ఇది, మొదటి విలువ ఇది" అని రాస్తే చాలు. లోపల డైనాబీన్ అనే వస్తువు ఉంటుంది, కామన్స్ బీన్‌యుటిల్స్ అనే లైబ్రరీ నుంచి వచ్చింది. దానికి నిజమైన గెటర్లు, సెటర్లు ఉండవు. పేరు చెప్పి ఇవ్వాలి, పేరు చెప్పి తీసుకోవాలి.

అంటే ఏం జరిగింది? పేర్ల లిస్ట్ ప్రోగ్రామర్ చేతిలోంచి కాన్ఫిగరేషన్ చేతిలోకి మారింది. దీనికి కట్టిన ఖరీదు ఏంటంటే కంపైలర్ సాయం పోయింది. మామూలు క్లాస్‌లో 'గెట్‌ఫోన్' బదులు 'గెట్‌ఫొన్' అని స్పెల్లింగ్ తప్పు రాస్తే కంపైలర్ అక్కడే పట్టుకుంటుంది. డైనా యాక్షన్‌ఫామ్‌లో పేరు ఒట్టి స్ట్రింగ్ కాబట్టి కంపైలర్ నోరెత్తదు. ఎవరో యూజర్ ఆ పేజీ తెరిచినప్పుడు ఎర్రర్ పేలుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి పాత ప్రాజెక్ట్ ఒకటి చూశాను. ఎక్స్‌ఎంఎల్ ఫైల్ కిందకి స్క్రోల్ చేస్తుంటే ఎంతకీ అవ్వదు. జావాలో తగ్గిన లైన్లన్నీ అక్కడికి కాపురం మార్చినట్టున్నాయి.

కానీ పేరులో డైనమిక్ ఉన్నా, డైనా యాక్షన్‌ఫామ్ నిజంగా డైనమిక్ కాదు. సర్వర్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఆ ఎక్స్‌ఎంఎల్ చదువుతుంది, చదివాక కాన్ఫిగరేషన్‌ని ఫ్రీజ్ చేస్తుంది. కోడ్‌లో నిజంగానే 'ఫ్రీజ్' అనే మెథడ్ ఉంది. ఆ తర్వాత మార్చబోతే ఎర్రర్ ఇస్తుంది. ఇప్పుడు ఒక స్కాలర్‌షిప్ సైట్ ఊహించుకోండి. ఆఫీసులో కూర్చున్న అడ్మిన్ ఈ ఏడాది "తల్లి వృత్తి" అనే ప్రశ్న కొత్తగా పెట్టాలనుకున్నారు. ప్రశ్నలన్నీ డేటాబేస్‌లో ఉన్నాయి. ఫామ్ ఎలా ఉండాలో పేజీ తెరిచిన క్షణంలో తేలుతుంది. మరి ఫ్రీజ్ అయిన లిస్ట్‌లోకి ఈ కొత్త పేరు ఎలా వస్తుంది? "రన్‌టైమ్‌లో ప్రాపర్టీలు ఎలా పెట్టాలి?" అనే ప్రశ్న పుట్టింది ఇక్కడే.

దీనికి రెండు దారులు దొరికాయి. ఒకటి, మ్యాప్ దారి. యాక్షన్‌ఫామ్ లోపల ఒక మ్యాప్ పెట్టి, గడి పేరుని 'వాల్యూ', ఆ పక్కన బ్రాకెట్‌లో 'ఫోన్' అని రాస్తారు. బ్రాకెట్‌లో ఏం ఉన్నా అది మ్యాప్‌లో ఒక అరలోకి వెళ్తుంది. రెండోది, 2004లో బీన్‌యుటిల్స్ 1.7తో వచ్చిన లేజీ డైనాబీన్. దీన్ని ఆధారం చేసుకుని స్ట్రట్స్ 1.2 వరసలో లేజీ వాలిడేటర్‌ఫామ్ కూడా వచ్చింది. దీనికి ముందుగా ఏ పేరూ చెప్పక్కర్లేదు. ఎవరైనా కొత్త పేరుతో విలువ తెస్తే, ఆ ప్రాపర్టీని అప్పటికప్పుడు పుట్టించి అందులో వేసుకుంటుంది.

పెళ్లిలో చదివింపులు రాసే నోట్‌బుక్ చూశారుగా? పక్కన కూర్చున్నాయన ఎవరు వచ్చినా పేరు రాసుకుంటాడు, ఎదురుగా అంకె వేసుకుంటాడు. నీ పేరు లిస్ట్‌లో లేదు వెళ్లిపో అనడు. లేజీ డైనాబీన్ అచ్చం అలాంటి నోట్‌బుక్. ఇక్కడ పేర్ల లిస్ట్ ఫామ్ పంపేవాళ్ల చేతిలోకి పూర్తిగా వెళ్లిపోయింది.

దీంట్లో చిక్కులు లేవా అంటే ఉన్నాయి. ఒకటి చెప్తాను. చెక్‌బాక్స్‌లో టిక్ పెట్టకపోతే బ్రౌజర్ ఆ పేరుని అసలు పంపదు. 'లేదు' అని కూడా పంపదు. మామూలు యాక్షన్‌ఫామ్‌లో ప్రాపర్టీ ముందే ఉంటుంది కాబట్టి 'రీసెట్' అనే మెథడ్‌లో దాన్ని 'కాదు' అని పెట్టుకుంటారు. నోట్‌బుక్‌లో అయితే రాని చుట్టం పేరే ఉండదు. టిక్ తీసేశారా, అసలు ఆ ప్రశ్నే అడగలేదా అన్నది నోట్‌బుక్ చూసి చెప్పలేం. అడిగిన ప్రశ్నల లిస్ట్ వేరేగా మన దగ్గర ఉండాల్సిందే.

అయినా సరే, నోట్‌బుక్ ఎంతైనా నోట్‌బుకే. ఎవడో వచ్చి పిచ్చి పేరు రాయిస్తే ఒక లైన్ దండగ, అంతే. ఇంట్లో బీరువాకి ఏమీ కాదు. అసలు ప్రమాదం వేరే దారిలో పెరిగింది.

2004లో స్ప్రింగ్ 1.0 వచ్చింది. వెబ్‌వర్క్ అనే ఇంకో ఫ్రేమ్‌వర్క్ స్ట్రట్స్‌తో కలిసి 2007లో స్ట్రట్స్ 2గా వచ్చింది. వీళ్లు వాచ్‌మన్ లాంటి యాక్షన్‌ఫామ్ అక్కర్లేదన్నారు. ఫామ్ డేటాని నేరుగా మీ అసలు ఆబ్జెక్ట్‌లోనే వేస్తామన్నారు. పైగా 'యూజర్ డాట్ అడ్రస్ డాట్ ఊరు' అని గడికి పేరు పెడితే, యూజర్ లోపలికి వెళ్లి, అడ్రస్ తలుపు తీసి, ఊరు అనే చోట విలువ పెట్టి వస్తారు. డాట్ పెట్టినప్పుడల్లా ఒక గది లోపలికి. నిజంగా బ్రహ్మాండమైన సౌకర్యం. ఇప్పటికీ వాడుతున్నాం.

కానీ ఇప్పుడు పక్కన పెట్టుకున్న విషయం బయటికి తీయండి. ప్రతి ఆబ్జెక్ట్‌కీ 'క్లాస్' అనే ప్రాపర్టీ పుట్టుకతో ఉంటుంది. మరి ఎవరైనా గడి పేరుగా 'క్లాస్ డాట్ క్లాస్‌లోడర్' అని పంపితే? ఆబ్జెక్ట్ లోంచి క్లాస్‌లోకి, క్లాస్ లోంచి క్లాస్‌లోడర్‌లోకి. క్లాస్‌లోడర్ అంటే సర్వర్‌లోకి కోడ్‌ని తెచ్చి పెట్టే మనిషి. ఫామ్‌లో పేరు కొట్టి, సర్వర్ వంటింటి దాకా నడిచి వెళ్లిపోవచ్చన్నమాట.

2010లో స్ప్రింగ్‌లో ఈ దారి బయటపడింది. 'క్లాస్' నుంచి 'క్లాస్‌లోడర్' అనే పేరుతో వెళ్లే దారిని మూసేశారు. 2014లో స్ట్రట్స్ 2లో ఇదే తరహా దారి బయటపడింది. వెంటనే స్ట్రట్స్ 1లో కూడా ఉందని తేలింది, దాని నంబర్ సీవీఈ-2014-0114. ఇక్కడ బాధ ఏంటంటే, స్ట్రట్స్ 1కి ఇక సపోర్ట్ ఉండదని అపాచీ 2013 ఏప్రిల్‌లోనే ప్రకటించింది. ప్రాజెక్ట్ చనిపోయిన ఏడాదికి జబ్బు బయటపడింది. బతికున్న అప్లికేషన్లు మాత్రం ఇంకా నడుస్తూనే ఉన్నాయి. బీన్‌యుటిల్స్ వాళ్లు 'క్లాస్' ప్రాపర్టీని దాచే ఏర్పాటు 2014లో ఇచ్చారు, కానీ దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. అడక్కుండానే దాచెయ్యడం 2019లో వచ్చిన 1.9.4 వెర్షన్‌లో గానీ మొదలవ్వలేదు.

ఇక అసలు ట్విస్ట్. 2017 సెప్టెంబర్‌లో జావా 9 వచ్చింది. మాడ్యూల్స్ అనే కొత్త సిస్టమ్ తెచ్చింది. దాంతో ప్రతి క్లాస్‌కీ 'గెట్‌మాడ్యూల్' అనే కొత్త మెథడ్ కలిసింది. మాడ్యూల్‌ని అడిగితే అది కూడా క్లాస్‌లోడర్‌ని చూపిస్తుంది. అంటే, స్ప్రింగ్ వాళ్లు 2010లో తాళం వేసిన తలుపు పక్కనే, జావా వాళ్లు వేరే పనికోసం ఇంకో తలుపు పెట్టారు. ఎవరి తప్పూ కాదు, ఎవరూ కుట్ర చెయ్యలేదు. 2022 మార్చిలో 'క్లాస్ డాట్ మాడ్యూల్ డాట్ క్లాస్‌లోడర్' అనే పేరుతో దాడులు మొదలయ్యాయి. ఆ దారిలో వెళ్లి టామ్‌క్యాట్ సర్వర్ లాగ్ సెట్టింగులు మార్చేవారు. లాగ్ ఫైల్‌ని జేఎస్‌పీ ఫైల్‌గా రాసేలా చేసేవారు. ఆ తర్వాత ఆ ఫైల్‌ని బ్రౌజర్‌లో తెరిస్తే వాళ్ల కోడ్ సర్వర్ మీద నడుస్తుంది. దీన్నే స్ప్రింగ్4షెల్ అన్నారు. మార్చి 31న స్ప్రింగ్ 5.3.18, 5.2.20 వెర్షన్లు రిలీజ్ చేసి ఆపారు.

ఇక్కడ ఒక మాట. చాలామంది 2017 నాటి ఈక్విఫాక్స్ ఘటనని కూడా ఈ లిస్ట్‌లో కలిపేస్తారు. అమెరికాలో దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయిన ఘటన అది. అదీ స్ట్రట్స్ 2 లోపమే, కానీ అక్కడ దాడి వచ్చింది ఫామ్ గడి పేరులోంచి కాదు, రిక్వెస్ట్‌తో వచ్చే ఒక హెడర్‌లోంచి. తలుపు వేరు. జబ్బు మాత్రం చుట్టమే: బయటి నుంచి వచ్చిన అక్షరాలని డేటాగా కాకుండా, లోపల పాటించాల్సిన ఆదేశంగా చూడటం.

సరే, జావా వాళ్లకేనా ఈ తిప్పలు? కాదు. 2012 మార్చిలో గిట్‌హబ్‌లో ఒక కుర్రాడు, పేజీలో కనిపించని ఒక గడిని తనే కలిపి పంపి, రూబీ ఆన్ రైల్స్ ప్రాజెక్ట్‌లోకి కోడ్ పెట్టే హక్కు సంపాదించి చూపించాడు. రైల్స్‌లో కూడా ఫామ్ నుంచి ఏ పేరొచ్చినా ఆబ్జెక్ట్‌లో వేసే అలవాటు ఉండేది. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి: మీ ఫోన్ తెర మీద ఆరు గళ్లు కనిపిస్తే సర్వర్‌కి ఆరు పేర్లే వెళ్తాయని రూల్ లేదు. పంపేవాడు ఏడోది కలపొచ్చు. ఆ ఏడోదాని పేరు 'అడ్మిన్' అని కూడా పెట్టొచ్చు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. పేర్ల లిస్ట్ ఎవరి చేతిలో ఉండాలి? ఈ పాతికేళ్ల కథ చూశాక నాకు అర్థమైంది ఇది. ఫామ్ డైనమిక్‌గా ఉండటం తప్పు కాదు. అడ్మిన్ రేపు ఇంకో పది ప్రశ్నలు కలపొచ్చు. కానీ లిస్ట్ ఎప్పుడూ మన వైపే ఉండాలి. 2003 నాటి డైనా యాక్షన్‌ఫామ్‌ని అందరూ పాత చింతకాయ పచ్చడి అని నవ్వుతారు గానీ, అది చేసిన మంచి పని ఒకటుంది. ఫామ్ నుంచి తన లిస్ట్‌లో లేని పేరు వస్తే, బీన్‌యుటిల్స్ దాన్ని చప్పుడు చెయ్యకుండా వదిలేసేది. తప్పు పేర్ల లిస్ట్ రాసుకుని వాటిని ఆపడానికీ, సరైన పేర్ల లిస్ట్ రాసుకుని వాటినే రానివ్వడానికీ ఎంత తేడా ఉందో చెప్పేదే ఆ 2010, 2022 మధ్య పన్నెండేళ్ల కథ. చెడ్డ పేర్లు రేపు కొత్తవి పుడతాయి. వాటిని పుట్టించేది దొంగలే కానక్కర్లేదు, జావా కొత్త వెర్షన్ కూడా కావచ్చు.

కోడ్ రాసేవాళ్ల కోసం మూడు ముక్కలు చెప్పి ముగిస్తాను. ఒకటి, రన్‌టైమ్‌లో తేలే గళ్లని మ్యాప్‌లోనే ఉంచండి, నోట్‌బుక్ లాగా. తీసుకునే ముందు డేటాబేస్‌లో ఉన్న ప్రశ్నల లిస్ట్‌తో పోల్చండి. అందులో లేనిది పారెయ్యండి. రెండు, ఫామ్‌ని నేరుగా డేటాబేస్ ఎంటిటీలోకి పంపకండి. మధ్యలో ఆ ఫామ్‌కి సరిపడా చిన్న క్లాస్ పెట్టండి. జావా 16 నుంచి రికార్డ్స్ ఉన్నాయి కాబట్టి ఇప్పుడు రెండొందల గెటర్లు రాసే బాధ కూడా లేదు. స్ప్రింగ్‌లో అయితే ఏ ఫీల్డ్‌లు రావచ్చో చెప్పే 'సెట్ అలౌడ్ ఫీల్డ్స్' అనే మెథడ్ ఉంది, వాడండి. మూడు, పేరుతో పాటు లెక్క కూడా చూడండి. లిస్ట్‌లో కోటో గడికి విలువ అని ఎవడైనా పంపితే సర్వర్ కోటి గళ్లు కట్టకూడదు. స్ప్రింగ్ మామూలుగా 256 దగ్గర ఆపుతుంది, ఆ హద్దు ఎందుకుందో తెలియకుండా పెంచకండి.

కోడింగ్‌తో పని లేనివాళ్లకి ఒక్క మాట. మీరు ఫామ్‌లో ఫోన్ నంబర్, అమ్మానాన్నల పేర్లు, బ్యాంక్ ఖాతా నింపి సబ్మిట్ కొట్టినప్పుడు, అవతల ఎవరో ఒక లిస్ట్ రాసుకుని కూర్చున్నారనే నమ్మకంతో కొడుతున్నారు. ఆ లిస్ట్ ఉందా లేదా అన్నది తెర మీద కనిపించదు. అది రాయాల్సిన బాధ్యత మా లాంటి ఇంజనీర్లది.

ఈ ఎపిసోడ్ ఇంతే. స్ట్రట్స్ రోజుల్లో పనిచేసిన అన్నలు, అక్కలు మీ ఇంట్లో ఉంటే ఈ వీడియో ఒకసారి వాళ్లకి పంపండి. ఆ ఎక్స్‌ఎంఎల్ ఫైల్ గురించి అడగండి, నా కంటే బాగా చెప్తారు. మళ్లీ కలుద్దాం. ఉంటాను.